చిన్నీ, తలనొప్పి వస్తే చెప్పు

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "నీ ముద్దుల మేనకోడలు ఈక్వడార్ పోతోందట, అగ్నిపర్వతాలు చూస్తుందట, నువ్వైనా గడ్డి పెట్టరా" అని ముప్పావుగంట వాయించింది. నేను ఊఁ కొడుతూనే ఉన్నాను గానీ లోపల గంతులేస్తున్నాను. 2018లో నేనూ మీ అత్తయ్యా వెళ్తున్నామంటే ఆ దేశం ఆఫ్రికాలోనా అని అడిగిన ఇల్లు మనది. ఇప్పుడు అదే ఇంట్లోంచి నువ్వు సొంత జీతంతో టికెట్ కొనుక్కుని బయల్దేరుతున్నావు. సరే, పొగడ్త ఇంతటితో అయిపోయింది.

ఫోన్ పెట్టేశాక అక్క పంపిన నీ టూర్ షెడ్యూల్ చూశాను. ఇక నిద్ర పట్టలేదు. మొదటి రోజు కీటో, రెండో రోజు కీటో, మూడో రోజు కోటోపాక్సి అగ్నిపర్వతం మీది రెఫ్యూజ్. ఎవరే ఈ షెడ్యూల్ వేసింది?

మీ అమ్మ భయమంతా అక్కడి ముఠాల గురించి. టీవీలో గ్వాయాకిల్ కాల్పులు చూసింది, అది పట్టుకుని కూర్చుంది. గొడవలున్న మాట నిజమే, ఎక్కువగా తీరం వైపు. గైడ్ వెళ్లొద్దన్న వీధికి వెళ్లకు, చీకటి పడ్డాక ఫోన్ చేతిలో పట్టుకుని తిరగకు, అంతే. నా భయం అది కాదు, నువ్వే.

మామూలు సంగతులు ఒక్క ఊపులో చెప్పేస్తా. ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందు వేయించుకో, నారాయణగూడ ఐపీఎంలో వేస్తారు, ఆ పసుపు కార్డు పాస్‌పోర్టుతో పాటే ఉండాలి, లేకపోతే తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనే నిన్ను పక్కన కూర్చోబెడతారు. 2000 సంవత్సరం నుంచి అక్కడ చెల్లేది అమెరికా డాలరే, ఒకటి, ఐదు, పది నోట్లు పట్టుకెళ్లు, వంద నోటు చూపిస్తే చిన్న కొట్లవాళ్లు మొహం తిప్పుకుంటారు. కుళాయి నీళ్లు తాగకు. సన్‌స్క్రీన్ చెవుల వెనక కూడా రాసుకో. భూమధ్యరేఖ దగ్గర అంత ఎత్తులో ఎండ చల్లగా ఉన్నట్టే ఉండి తోలు వలిచేస్తుంది, నా ముక్కు వారం రోజులు పాము కుబుసంలా ఊడింది. తిండికి బెంగ లేదు. అన్నం దాదాపు ప్రతిపూటా ఉంటుంది, లోక్రో అని బంగాళదుంప, చీజ్ వేసి చేసే చిక్కటి సూప్ ఉంటుంది, నోరు చప్పబడితే "అహి" అని అడుగు, మన టమాటా పచ్చడికి దూరపు చుట్టం. మాంసం వద్దంటే అత్తయ్యకి కోడి తెచ్చిపెట్టారు, కోడి వాళ్ల లెక్కలో మాంసం కాదు.

ఇక అసలు సంగతి. ఇది మీ అమ్మకి కూడా తెలియదు. తిరిగొచ్చాక అందరికీ "అక్కడ కొంచెం నలత చేసింది" అని చెప్పి ఊరుకున్నాం.

నేను ముప్పై నాలుగేళ్లు సర్వేలో పనిచేశాను. ఎత్తులు కొలవడమే నా బతుకు. ఇరవై ఎనిమిదేళ్ల వయసులో హిమాలయాల్లో లాహౌల్‌లో నెలల తరబడి డేరాల్లో ఉన్నాను, మంచులో పరికరాలు మోసుకుని తిరిగాను. ఈ గొప్పంతా కీటోలో మొదటి రాత్రి భోజనాల దగ్గర, గ్రూపులో పద్నాలుగు మందికీ వినిపించాను. ఇంక ఆ మాట నిలబెట్టుకోవాలి కదా.

రెండో రోజు కేబుల్ కార్లో పిచించా కొండ మీదకి తీసుకెళ్లారు, దాదాపు 3,950 మీటర్లు. అక్కడే మొదలైంది తలనొప్పి, రెండు కణతలూ ఎవరో బొటనవేళ్లతో నొక్కి పట్టుకున్నట్టు. చెప్పలేదు. రాత్రి అన్నం సయించలేదు, ప్రయాణ బడలిక అన్నాను. నిద్ర పట్టలేదు, పక్క గదిలో చప్పుడు అన్నాను. ఎత్తు పడకపోతే వేసుకోమని డాక్టరు రాసిచ్చిన డయామాక్స్ పెట్టెలోనే ఉంది, లాహౌల్ చూసినవాడికి మాత్రలెందుకని ఒక్కటి కూడా వేసుకోలేదు. లాహౌల్ నాటికి నాకు ఇరవై ఎనిమిది, పైగా నడుచుకుంటూ, ఆగుతూ, వారాల మీద ఎక్కాను. ఇక్కడ విమానం దిగి మూడో రోజు, అరవై రెండేళ్లు. ఆ లెక్క మాత్రం వేసుకోలేదు.

పొద్దున్నే గైడ్ అమ్మాయి, ఇంచుమించు నీ ఈడుదే, బస్సులో ఒక్కొక్కళ్ల దగ్గరికీ వచ్చి తల నొప్పిగా ఉందా, తిన్నారా, నిద్ర పట్టిందా అని అడిగింది. నేను బొటనవేలు ఎత్తి చూపించాను. నవ్వాను కూడా.

బస్సు ఆగేది 4,600 మీటర్ల దగ్గర. అక్కణ్ణించి రెఫ్యూజ్ దాకా, అంటే కొండెక్కేవాళ్లు రాత్రి తలదాచుకునే ఇంటి దాకా, దూరం పెద్దగా ఏమీ లేదు. కానీ అంతా బూడిద, నుసి రాయి, అడుగు వేస్తే అరడుగు వెనక్కి జారుతుంది. అందరూ పది అడుగులు వేసి ఆగుతున్నారు. నేను ఆగలేదు. అందరికంటే ముందు చేరాను. గోడ మీద బోర్డు ఉంది, 4,864 అని. వెనకే వచ్చిన గైడ్ అమ్మాయి నాకో కప్పు హాట్ చాక్లెట్ ఇప్పించి, "ఇంజినీరుగారూ, బస్సు దగ్గర్నించి ఎంత ఎక్కామో చెప్పండి" అంది సరదాగా.

4,864లోంచి 4,600 తీసేయాలి. చిన్నీ, నాకు రాలేదు. అంకెలు కనిపిస్తున్నాయి, ఏది దేంట్లోంచి తీయాలో తెలియడం లేదు. జీవితమంతా ఒక రీడింగులోంచి ఇంకో రీడింగు తీసేసి జీతం తీసుకున్నవాణ్ణి. కప్పు ఒరిగిపోయి చాక్లెట్ బూటు మీద కారుతుంటే నవ్వుతూ నిలబడ్డానట. అది అత్తయ్య చెబితే తెలిసింది, నాకు గుర్తులేదు. గైడ్ మొహంలో నవ్వు పోవడం మాత్రం గుర్తుంది.

ఎత్తు పడక వచ్చే ఈ జబ్బుని వాళ్లు సొరోచె అంటారు. ఒట్టి తలనొప్పి, వికారం అయితే ఆగితే సర్దుకుంటుంది. మనిషి తికమకపడినా, అడుగు తూలినా, కూర్చున్నచోటే ఆయాసపడినా ఇక ఆగేది లేదు, వెంటనే కిందికి దింపాలి. ఒక్కటే బస్సు, ఒక్కతే గైడు. అందరినీ వెనక్కి తిప్పారు.

మా గ్రూపులో ఒక పెద్దావిడ ఉండేది, రిటైరయిన టీచరు, డెబ్భై దాటాయి. కోటోపాక్సి మంచుని దగ్గరగా చూడాలని ఎనిమిదేళ్లు డబ్బు కూడబెట్టుకుని వచ్చిందట. ఆవిడ అప్పటికి సగం దారిలో ఉంది. పది అడుగులు, ఆగడం, పది అడుగులు, ఆగడం. ఇంకో అరగంట దొరికితే చేరిపోయేది. నన్ను రెక్కలు పట్టుకుని దింపుతుంటే ఎదురొచ్చింది, ఒకసారి పైకి చూసింది, మారు మాట్లాడకుండా వెనక్కి తిరిగింది. మచాచి ఊరు దాకా దారంతా నా పక్క సీట్లో కూర్చుని, నేను కక్కుతుంటే కవర్ పట్టుకుంది. 3,000 మీటర్ల లోపుకి దిగేసరికి తల మీంచి బండ దించినట్టయింది, అప్పుడు తట్టింది జవాబు. "264" అన్నాను గట్టిగా. బస్సులో ఎవరూ నవ్వలేదు.

సాయంత్రం గైడ్ అమ్మాయి ఒక్క మాట అంది: "పొద్దునే చెప్పుంటే మిమ్మల్ని కింద సరస్సు దగ్గర కూర్చోబెట్టేదాన్ని, మిగతావాళ్లు చూసొచ్చేవాళ్లు." ఏడేళ్ల పైమాటే అయింది, ఇప్పటికీ ఆ పెద్దావిడ పైకి చూసిన చూపు కళ్ల ముందే ఉంటుంది.

ఇప్పుడు అర్థమైందా, నేను నీ గురించి ఎందుకు భయపడుతున్నానో? ఆరో క్లాసులో సైకిల్ మీంచి పడి, చెబితే అంతర్వేది తీర్థానికి తీసుకెళ్లరని రెండు రోజులు చెయ్యి లంగా మడతల్లో దాచుకు తిరిగావు. చివరికి జీళ్ల కొట్టు ముందు కళ్లు తిరిగి పడ్డావు. నిన్ను భుజాన వేసుకుని ఆ జనంలోంచి పరిగెత్తింది ఎవరనుకున్నావు? మణికట్టు రెండు చోట్ల విరిగింది, కట్టు కడుతుంటే కూడా "నొప్పి లేదు మామయ్యా" అన్నావు. గాడిదా. నొప్పి లేదని చెప్పడం నా దగ్గరే నేర్చుకున్నావని ఆ రోజు మురిసిపోయాను, నాకు బుద్ధి లేక.

కాబట్టి లెక్క వినుకో. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రాత్రికి 500 మీటర్ల కంటే పెరగకూడదు. పగలు పైకి వెళ్లి రా, పడుకోవడానికి కిందికి దిగు. కీటోయే 2,850 మీటర్లు, మన తిరుమల మూడు ఒకదాని మీద ఒకటి పేర్చినంత. టూర్ కంటే రెండు రోజులు ముందే వెళ్లి కీటోలో దిగు. సెలవు దొరకదని చెప్పకు, నీ ఆఫీసు రెండు రోజులు నువ్వు లేకపోయినా నడుస్తుంది.

ఆ రెండు రోజులూ పాత ఊళ్లో మెల్లగా తిరుగు. 1534లో స్పానిష్‌వాళ్లు ఇంకాల ఊరి మీద కట్టుకున్న ఊరు అది. 1978లో యునెస్కో ప్రపంచ వారసత్వ మొదటి జాబితాలోనే చేరింది. లా కొంపాన్యియా చర్చికి వెళ్లు. 1605లో మొదలుపెట్టి 1765 దాకా కట్టారు, లోపల గోడలు, స్తంభాలు, కప్పు, ఎటు చూసినా బంగారు రేకు. నాకు బయటి రాతిపనే నచ్చింది, ఆ బంగారం కింద కూర్చుంటే ఊపిరాడనట్టు ఉంటుంది, చెక్కినవాళ్లూ మోసినవాళ్లూ ఎవరో గుర్తొస్తారు. సాన్ ఫ్రాన్సిస్కో మెట్ల మీద కూర్చుని పావురాల్ని చూస్తూ గంట గడిపినా తప్పులేదు. బసీలికా చర్చికి రాక్షస బొమ్మలకి బదులు ఇగ్వానాలు, తాబేళ్లు చెక్కి పెట్టారు, కింది నుంచే చూడు. గోపురం మీదకి నిచ్చెనలు ఉంటాయి, మొదటి రోజే ఎక్కావో నాతో మాట్లాడకు.

బాన్యోస్‌లో నీకోసం ఒకటి ఉంది. గుమ్మానికి కొట్టిన కొయ్య మేకు మీద పాకం వేసి లాగుతూ మెల్కోచా అని ఒక మిఠాయి చేస్తారు. అచ్చం మన తీర్థాల్లో జీళ్లే! అత్తయ్య ఆ వీధిలో కదలనంది. నెత్తిన తుంగురావా కొండ. 1999లో అది రాజుకుంటే ఊరంతా ఖాళీ చేయించారు, కొన్ని నెలలకి జనం ఆగలేక వాళ్లంతట వాళ్లే తిరిగొచ్చేశారు. అక్కడివాళ్లు తుంగురావాని మామా అంటారు, చింబొరాసో అనే ఇంకో కొండని తైతా అంటారు. తైతా అంటే నాన్న. మామా అంటే అమ్మ! ఆలుమగలట, అప్పుడప్పుడు పోట్లాడుకుంటారట. మామ అంటే అమ్మ అని తెలిసిన దగ్గర్నించీ ఆ భాష మీద నాకు గౌరవం పెరిగింది.

చింబొరాసో దగ్గరికి నేను వెళ్లలేదు. మిగతావాళ్లు వెళ్తే నేను రియోబాంబాలో హోటల్ డాబా మీద ఉండిపోయాను, ఈసారి ఎవరూ చెప్పకుండానే. తెల్లవారుజామున మబ్బు విడింది. ఇరవై నిమిషాలు కనిపించింది, ముందు బూడిద రంగులో, తర్వాత గులాబీ, తర్వాత చూడలేనంత తెలుపు. ఎత్తు 6,263 మీటర్లే, ఎవరెస్టు కంటే చాలా తక్కువ. కానీ భూమి నడుము దగ్గర ఉబ్బెత్తుగా ఉంటుంది కదా, భూకేంద్రం నుంచి కొలిస్తే ఇదే అన్నిటికంటే దూరపు శిఖరం. ఆ ఉబ్బు సంగతి తేల్చడానికే ఫ్రెంచివాళ్లు 1736లో అక్కడికొచ్చి కొలతలు తీశారు. 1802 జూన్‌లో హంబోల్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త చింబొరాసోని ఎక్కబోయాడు. అదే ఏడాది ఏప్రిల్‌లో ఇక్కడ మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర లాంబ్టన్ అనే ఇంగ్లిష్ సర్వేయరు మన దేశపు కొలత మొదలుపెట్టాడు. ఆ డాబా మీద ఇది అత్తయ్యకి చెబితే ఆవిడ దుప్పటి ముసుగు తీయకుండానే "అలాగా" అంది. హంబోల్ట్‌కి చిగుళ్లలోంచి రక్తం వచ్చింది, శిఖరం అందకుండానే వెనక్కి దిగిపోయాడు. అయినా ఆయన పేరు ఎవరూ తీసేయలేదు.

కుయెంకా చివర్లో ఉండటం నీ షెడ్యూల్లో నాకు నచ్చిన ఒకే ఒక్క సంగతి. 2,550 మీటర్లే, ఊపిరి హాయిగా ఆడుతుంది, నీలి గుమ్మటాల కెథడ్రల్, ఊరి మధ్య తొమెబాంబా ఏరు. పనామా టోపీలు ఈ దేశానివే, పేరు మాత్రం పనామాకి పోయింది. మంగళ, శుక్రవారాల్లో మార్కెట్‌కి వెళ్లు. ముసలమ్మలు కూర్చుని, వచ్చినవాళ్ల ఒంటి మీద ఆకుల కట్టతో కొట్టి, కోడిగుడ్డు ఒళ్లంతా తిప్పి తీస్తారు. దిష్టే! అత్తయ్య నన్ను లాక్కెళ్లి స్టూలు మీద కూర్చోబెట్టింది. కోటోపాక్సి దిష్టి అక్కడ వదిలిందని ఇప్పటికీ ఆవిడ నమ్మకం.

డయామాక్స్ సంగతి డాక్టరుని అడుగు, నీకు పడుతుందో లేదో ఆయనే చెప్పాలి. రోజూ పొద్దున లేవగానే నాకు వాట్సాప్‌లో మూడు ముక్కలు పెట్టు: తల, తిండి, నిద్ర. అబద్ధం పెడితే మీ అమ్మకి ఆ మణికట్టు రెండు రోజుల సంగతి చెప్పేస్తా, సైకిల్ పడింది ఆ పొద్దునే అని ఆవిడ ఇప్పటికీ అనుకుంటోంది.

ఆదివారం భోజనానికి రా. అత్తయ్య ఉన్ని టోపీ, రెండు జతల సాక్సులు తీసి ఎండలో వేసింది. ఆ షెడ్యూల్ ప్రింటు తీయించి పట్టుకురా, ఫోన్లో వద్దు, ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటావో పక్కన పెన్సిల్‌తో రాసిపెడతా.

మామయ్య