బస్సు ప్రమాదంలో తమ్ముడి కాలు విరిగింది, యాభై వేలు తీసుకుని సంతకం పెట్టమంటున్నారు. పెట్టవచ్చా?

మీరు రాసింది ఇదీ: మీది సింగరాయకొండ. తమ్ముడు చీమకుర్తిలో గ్రానైటు పాలిషింగు పని చేస్తాడు. హైదరాబాదు నుంచి రాత్రి ప్రైవేటు బస్సులో వస్తుంటే నల్గొండ జిల్లాలో బస్సు, లారీ గుద్దుకున్నాయి. కుడి కాలికి రాడ్డు వేశారు. నాలుగు నెలలైంది. ఎఫ్‌ఐఆర్‌లో తప్పు లారీ డ్రైవరుదని ఉంది కాబట్టి తమకు సంబంధం లేదంటూనే బస్సు యజమానులు ‘మానవత్వంతో’ యాభై వేలు ఇస్తామంటున్నారు. సంతకం పెట్టాలా, కేసు వేస్తే నల్గొండ చుట్టూ తిరగాలా అని అడిగారు.

సంతకం పెట్టకండి. నల్గొండ తిరగనక్కర్లేదు. కానీ మీ చేతిలో ఉన్నది రెండు నెలలే.

నేను వకీలును కాను, కావలిలో బట్టలు కుడతాను. 2022 ఆగస్టులో విజయవాడ వస్త్రలత టోకు బట్టల మార్కెట్లో లైనింగు బట్టలు కొనుక్కుని రాత్రి బస్సెక్కాను. ఒంగోలు దాటాక, ఇంకా తెల్లారకముందే, మా బస్సు హైవే అంచున ఆగి ఉన్న లారీని వెనక నుంచి కొట్టింది. నా కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది. ఆ తర్వాత రెండేళ్లకు పైగా కోర్టు మెట్లు ఎక్కి దిగిన అనుభవంతో చెబుతున్నాను.

ముందు గడువు సంగతి. మనం పరిహారం అడిగేది 1988 నాటి మోటారు వాహనాల చట్టం, 166వ సెక్షను కింద. ‘దానికి గడువేమీ లేదు, నిదానంగా వేయవచ్చు’ అనే పెద్దమనుషులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. 1994 నుంచి చాలాకాలం అది నిజమే. 2019లో చట్టాన్ని సవరించారు. 2022 ఏప్రిల్ 1 నుంచి, ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు పిటిషను వేయాలన్న నిబంధన అమల్లో ఉంది. నాకూ ఒక బంధువు ఆ పాత మాటే చెప్పాడు. అయిదో నెలలో ఎవరో హెచ్చరించబట్టి బతికిపోయాను. పోలీసులు తమంతట తాము ట్రిబ్యునల్‌కు (ఈ పరిహారం తేల్చే కోర్టుకు) నివేదిక పంపాలని కొత్త నియమాలు చెబుతున్నాయి, నిజమే. దాన్ని నమ్ముకుని ఇంట్లో కూర్చోకండి.

ఎక్కడ వేయాలి? ప్రమాదం జరిగిన చోటే వేయాలని లేదు, బాధితుడు నివసించే చోట కూడా వేయవచ్చని చట్టమే చెబుతోంది. మీకు ఒంగోలు జిల్లా కోర్టులోని మోటారు ప్రమాదాల పరిహార ట్రిబ్యునల్ సరిపోతుంది. కోర్టు వరండాలో ఈ కేసును ‘ఎం.వి.ఓ.పి.’ అంటారు, ‘ఓపీ వేశాం’ అంటే ఇదే. నల్గొండ వైపు నుంచి మీకు కావలసినవి కాగితాలు: ఎఫ్‌ఐఆర్, ఛార్జిషీటు వేసి ఉంటే అది, వాహన తనిఖీ అధికారి నివేదిక, గాయాల ధ్రువపత్రం.

ఇక తప్పెవరిదన్న గొడవ. మా కేసులో బస్సు బీమా కంపెనీ ‘లారీకి వెనక లైట్లు లేవు’ అంది. లారీ తరఫువాళ్లు ‘బస్సు డ్రైవరు నిద్రపోయాడు’ అన్నారు. నేనేమో కిటికీ పక్కన కళ్లు మూసుకుని ఉన్నాను, నాకేం తెలుస్తుంది? తెలియనక్కర్లేదని తర్వాత అర్థమైంది. రెండు వాహనాల తప్పూ ఉన్నప్పుడు, ఎవరిది ఎంత అని ప్రయాణికుడు తేల్చనక్కర్లేదని, మొత్తం పరిహారాన్ని వారిలో ఏ ఒక్కరి నుంచైనా రాబట్టుకోవచ్చని, వాటాల లెక్క వాళ్లూ వాళ్లూ చూసుకోవాలని సుప్రీంకోర్టు 2015లో స్పష్టంగా చెప్పింది. ఎఫ్‌ఐఆర్ అనేది మొదటి సమాచారం మాత్రమే, ట్రిబ్యునల్ సాక్ష్యం చూసి తన నిర్ణయం తాను చేస్తుంది. అందుకని లారీ డ్రైవరు, యజమాని, బీమా కంపెనీ, అలాగే బస్సు డ్రైవరు, యజమాని, బీమా కంపెనీ, అందరినీ ప్రతివాదులుగా చేర్చమని మీ వకీలుకు చెప్పండి. ఒకరిని వదిలేస్తే మిగిలినవాళ్లు తప్పంతా ఆ లేనివాడి మీదకు నెట్టేస్తారు. (ఇదే ఆర్టీసీ సొంత బస్సైతే సంస్థే ప్రతివాది. అద్దె బస్సైతే దాని యజమానినీ, బీమా కంపెనీనీ కలపాలి.)

అసలు విషయం ఇప్పుడు చెబుతాను, ఎందుకంటే ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. వైద్య బోర్డు నా చేతికి 20 శాతం వైకల్యం అని రాసిచ్చింది. బీమా వకీలు ఆ కాగితం పట్టుకుని, ఒంటి మొత్తానికి లెక్కేస్తే అది ఇంకా తక్కువ అని వాదించాడు. నన్ను బోనులో నిలబెట్టి, ‘ఎడమ చేత్తో కుట్టలేరా అమ్మా?’ అన్నాడు. కత్తెర ఎప్పుడైనా పట్టుకున్న మనిషి అడిగే ప్రశ్నా అది! రెండు జాకెట్లు కత్తిరించేసరికి బొటనవేలు తిమ్మిరెక్కి కత్తెర జారిపోతుందని, కత్తిరింపుకు ఇప్పుడు మనిషిని పెట్టుకుని కూలి ఇస్తున్నానని చెప్పాను. మా వకీలు 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చూపించాడు. ఒంట్లో ఎంత శాతం పోయిందో డాక్టరు చెబుతాడు, సంపాదనలో ఎంత శాతం పోయిందో ట్రిబ్యునలే తేల్చాలి, రెండూ ఒకటి కానక్కర్లేదు అన్నది దాని సారం. నా పనిని బట్టి సంపాదన నష్టం 30 శాతంగా తీసుకున్నారు.

ఆ పది శాతం తేడా ఎంతో చూడండి. నెలకు 10,000 ఆదాయం, నలభై లోపు వయసు కాబట్టి భవిష్యత్తు పెరుగుదలకు మరో 40 శాతం, అంటే 14,000. ఏడాదికి 1,68,000. నా వయసు 38, దానికి గుణకం (ఏడాది మొత్తాన్ని ఎన్నింతలు చేయాలో వయసును బట్టి చెప్పే సంఖ్య) 15. ఇరవై శాతం లెక్కన 5,04,000. ముప్పై లెక్కన 7,56,000. బోనులో చెప్పిన నాలుగు మాటలకు రెండున్నర లక్షలు.

మీ తమ్ముడి పని గురించి ఇప్పుడే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. తడి నేల మీద రోజంతా నిలబడటం, పలకలు జరపడం, ఒంగి లేవడం, వీటిలో ఏది చేయగలడు, ఏది చేయలేడు. యూనిట్లో మేస్త్రీ వచ్చి సాక్ష్యం చెబితే ఆ కాగితానికి బలం వస్తుంది. జీతం చీటీ లేదని దిగులు పడకండి. బ్యాంకు ఖాతాలో, ఫోన్‌పేలో కూలి పడిన నమోదులు తీసి ఉంచండి. ఏ ఆధారమూ లేకపోతే ట్రిబ్యునల్ తానే ఒక ఆదాయం ఊహిస్తుంది, అది సాధారణంగా తక్కువే ఉంటుంది. వైకల్య ధ్రువపత్రం ఉన్నంత మాత్రాన సరిపోదు, దాని గురించి డాక్టరు వచ్చి చెప్పాలి. ఆపరేషను చేసిన డాక్టరైతే మరీ మంచిది. రాడ్డు తీయడానికి మళ్లీ ఆపరేషను కావాలంటే, ఎంత ఖర్చవుతుందో ఆయన దగ్గర రాయించుకోండి. తర్వాత మరోసారి వెళ్లి అడగడం కుదరదు.

మందుల బిల్లులు జిరాక్సు తీయించండి, ఈ రోజే. మెరిసే కాగితం మీద వచ్చే ఆ బిల్లుల మీద అక్షరాలు కొన్నాళ్లకు ఎగిరిపోతాయి. నావి ఏడెనిమిది అలా తెల్లబడిపోయాయి, వాటికి పైసా రాలేదు.

164వ సెక్షను గురించి కూడా మీకు ఎవరో ఒకరు చెబుతారు. తప్పెవరిదో నిరూపించకుండానే తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు, మరణానికి అయిదు లక్షలు ఇచ్చే ఏర్పాటు అది. ఎముక విరగడం తీవ్ర గాయమే. త్వరగా వస్తుంది కదా అని చేయి చాపితే, 166 కింద వేసిన పిటిషను అక్కడితో ఆగిపోతుంది. పాతికేళ్ల కుర్రవాడి కాలుకు నేనైతే అది తీసుకోను. యాభై వేలకు సంతకం సంగతి ఇంక చెప్పాలా?

వకీలు విషయంలో ఒక మాట. ఆసుపత్రి వార్డులోకే వచ్చి ‘వచ్చినదాంట్లో ఇంత శాతం మాకు’ అని ఖాళీ వకాల్తా (వకీలును పెట్టుకునే కాగితం) మీద సంతకం అడిగే దళారులు ఉన్నారు. నా మంచం దగ్గరికీ ఒకాయన యాపిల్ పండ్లతో వచ్చాడు. పరిహారంలో వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకే విరుద్ధం. డబ్బు ఇబ్బందిగా ఉంటే ఒంగోలు కోర్టు ప్రాంగణంలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోను చేయండి. ఆదాయం పరిమితి లోపు ఉంటే వకీలును ఉచితంగా ఇస్తారు.

మధ్యలో రాజీ కోసం లోక్ అదాలత్‌కు రమ్మంటారు. వెళ్లండి, వినండి. కానీ అక్కడ ఒప్పుకున్నదానిపై అప్పీలు ఉండదు. పైన చెప్పిన గుణకం లెక్క మీరు ముందే వేసుకుని వెళితే ఎంత దగ్గర ఆగాలో తెలుస్తుంది. నాకు మొదట మూడు లక్షలన్నారు, వద్దన్నాను. ట్రిబ్యునల్ తీర్పు నచ్చకపోతే 90 రోజుల్లో హైకోర్టుకు వెళ్లవచ్చు. పిటిషను వేసిన రోజు నుంచి వడ్డీ కూడా వస్తుంది కాబట్టి ఆలస్యమంతా నష్టం కాదు.

బస్సు వాళ్లు మళ్లీ ఫోను చేస్తారు. కోప్పడకండి. ఆలోచిస్తున్నామని చెప్పి, బస్సు బీమా పాలసీ కాపీ వాట్సాప్‌లో పంపమని అడగండి. మాకు పాలసీ నంబరు అలాగే దొరికింది.