మొత్తం సరిపోయినా యాక్సిల్ ఒప్పుకోదు

ప్రశ్న: పోర్టు కంటైనర్లు తిప్పడానికి రెండు యాక్సిళ్ల (ఇరుసుల) హెడ్, అంటే ట్రైలర్‌ను లాగే ముందు బండి, కొన్నాను. దానికి 40 అడుగుల మూడు యాక్సిళ్ల ట్రైలర్ తీసుకుందామనుకుంటున్నాను. మాకు ఎక్కువగా వచ్చేవి 20 అడుగుల బరువు పెట్టెలు, కొన్ని 30 టన్నుల దాకా ఉంటాయి. ఈ జత సరిపోతుందా అండీ? (గాజువాక పాఠకుడు)

జవాబు: వేబ్రిడ్జి మీద మొత్తం బరువు సరిపోతుంది. యాక్సిళ్ల వారీగా తూస్తే మాత్రం సరిపోదు. ట్రైలర్ కొనేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

2018లో పెంచిన పరిమితుల ప్రకారం స్టీరింగ్ యాక్సిల్‌కు 7 టన్నులు, నాలుగు టైర్ల ఒంటి యాక్సిల్‌కు 11.5, మూడు యాక్సిళ్ల వరసకు 27. కలిపితే 45.5 టన్నులు. హెడ్ సొంత బరువు 7, ట్రైలర్‌ది 6 అనుకుంటే లోడుకు 32.5 మిగులుతుంది. 30 టన్నుల పెట్టె అందులో హాయిగా పట్టినట్టే కనిపిస్తుంది.

ఇప్పుడు ఆ బరువు ఎటు ఎంత పోతుందో చూడండి. కింగ్ పిన్ (ట్రైలర్ ముందు భాగం కింద ఉండే, హెడ్‌కు తగిలించే పిన్ను) నుంచి మూడు యాక్సిళ్ల మధ్యబిందువుకు 8 మీటర్లు, ట్రైలర్ నడిమధ్యన పెట్టిన పెట్టె కేంద్రం ఆ బిందువుకు 3 మీటర్లు ముందు ఉందనుకుందాం. 30ని 3తో గుణించి 8తో భాగిస్తే 11.25 టన్నులు కింగ్ పిన్ మీద పడతాయి. ట్రైలర్ సొంత బరువులో 1.5 కలిస్తే 12.75. ఫిఫ్త్ వీల్ (హెడ్ మీద ఆ పిన్‌ను పట్టుకునే ప్లేటు) హెడ్ వెనక యాక్సిల్‌కు అర మీటరు ముందు ఉంటే (వీల్‌బేస్, అంటే ముందు వెనక యాక్సిళ్ల దూరం, 3.6 మీటర్లయితే) అందులో ఏడో వంతు ముందుకు పోతుంది, మిగతాదంతా వెనక యాక్సిల్ మీదే. ఖాళీ హెడ్ అక్కడ మోసే 2.5 టన్నులు కలిపితే దాదాపు 13.5. పరిమితి కన్నా రెండు టన్నులు ఎక్కువ!

పెట్టెను ఒక మీటరు వెనక్కి జరిపితే వెనక యాక్సిల్ 10.25కి దిగుతుంది. కానీ ట్రైలర్ యాక్సిళ్లు సరిగ్గా 27కి చేరతాయి. పెట్టెలో సరుకు కాస్త వెనక్కి సర్ది ఉన్నా మించిపోతుంది. పైగా ట్విస్ట్ లాకులు (పెట్టె మూలలను బిగించే తాళాలు) స్థిరంగా ఉండే ట్రైలర్‌లో మీకు కావలసిన చోట పెట్టె కూర్చోదు. కాబట్టి బేరానికి ముందు లాకుల స్థానాలు, కింగ్ పిన్ దూరాలు టేపు పెట్టి కొలిచి రాసుకోండి.

నా సలహా: ఈ హెడ్‌తోనే నడపాలంటే నడిమధ్య పెట్టెలకు 24 టన్నుల దగ్గర ఆగండి. 30 టన్నులు రోజూ వస్తే వెనక రెండు యాక్సిళ్లున్న హెడ్ కావాలి. దాని జత యాక్సిళ్లు 21 టన్నులు మోస్తాయి, మొత్తం పరిమితి 55 అవుతుంది. ఏదైనా ఆర్‌సీలో రాసిన బరువు దాటకూడదు.

ప్రశ్న: కింగ్ పిన్ 2 అంగుళాలదా, 3.5 అంగుళాలదా? (షీలానగర్)

జవాబు: ఈ బరువులకు 2 అంగుళాలది చాలు. లాగుడు శక్తిని డీ విలువతో కొలుస్తారు. పై 45.5 టన్నుల జతకు అది సుమారు 92 కిలోన్యూటన్లు, 55 టన్నుల జతకు సుమారు 138. మామూలు 2 అంగుళాల ఫిఫ్త్ వీళ్లు 152 దాకా తట్టుకునేవి దొరుకుతాయి. ప్లేటు మీద చెక్కిన డీ విలువతోపాటు నిలువు భారం పరిమితినీ చదవండి. పాత ట్రైలర్ అయితే పిన్ సన్నటి భాగాన్ని వెర్నియర్‌తో కొలవండి. కొత్తది 50.8 మిల్లీమీటర్లు, 49కి అరిగితే మార్చాల్సిందే.

ప్రశ్న: మలుపులో ట్రైలర్ మూల క్యాబిన్‌కు తగులుతుందేమోనని భయం. ముందే ఎలా తెలుసుకోవాలి? (అనకాపల్లి)

జవాబు: కింగ్ పిన్ నుంచి ట్రైలర్ ముందు మూలకు ఏటవాలుగా కొలవండి. పిన్ ముందు అంచుకు మీటరు వెనక ఉంటే, 2.44 మీటర్ల వెడల్పు ట్రైలర్‌కు అది సుమారు 1.58 మీటర్లు వస్తుంది. ఫిఫ్త్ వీల్ కేంద్రం నుంచి క్యాబిన్ వెనక గోడ, ఎయిర్ గొట్టాల దాకా ఇంతకన్నా కనీసం 15 సెంటీమీటర్లు ఎక్కువ ఉండాలి. ఫిఫ్త్ వీల్‌ను ముందుకు జరిపి స్టీరింగ్ యాక్సిల్‌కు బరువు ఎక్కిద్దామనుకునేవాళ్లు ఈ కొలత మరిచిపోతారు.

ప్రశ్న: ఫిఫ్త్ వీల్ గ్రీజు ఎంత తరచుగా మార్చాలి? (ఆటోనగర్)

జవాబు: కిలోమీటర్లకన్నా ధూళినిబట్టి. పోర్టు రోడ్ల బొగ్గు, ఇనుప ఖనిజం పొడి గ్రీజులో కలిస్తే ఉప్పుకాగితంలా ప్లేటునీ పిన్‌నీ గీరేస్తుంది. పాత దాని మీద కొత్తది పూయకండి. ముందు పూర్తిగా తుడవండి, ఆపై లిథియం గ్రీజు రాయండి. ట్రైలర్ కలిపేటప్పుడు దాని ప్లేటు ఫిఫ్త్ వీల్ కన్నా కాస్త కిందే ఉండాలి. ఎత్తుగా ఉంటే పిన్ ఫిఫ్త్ వీల్ దవడల (పిన్‌ను బిగించే కొక్కేల) మీదే కూర్చుని లాక్ పడినట్టు అనిపిస్తుంది. కలిపాక టార్చితో చూసి, పిన్ వెనక దవడ మూసుకుందని, రెండు ప్లేట్ల మధ్య సందు లేదని రూఢి చేసుకోండి. ట్రైలర్ బ్రేకులు వేసి మొదటి గేరులో మెల్లగా లాగి చూడండి. కదలకపోతేనే ల్యాండింగ్ కాళ్లు (విడిగా ఉన్నప్పుడు ట్రైలర్ ముందు భాగాన్ని నిలబెట్టేవి) పైకెత్తండి.