అన్నీ ప్రోత్సాహకాలేనా?

సందేహం: మా ఫ్యాక్టరీ యూనియన్ ఒప్పందాన్ని తెలుగు నుంచి ఇంగ్లీషులోకి మారుస్తున్నాను. ‘లక్ష్యం దాటిన ప్రతి టన్నుకూ ప్రోత్సాహకం, ఏడాది చివర పనితీరును బట్టి ప్రోత్సాహకం’ అని ఉంది. రెండుచోట్లా ఇన్సెంటివ్ అనవచ్చా? బోనస్ అంటే తప్పా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్

సమాధానం: మొదటిది ఇన్సెంటివే, సందేహం లేదు. ఇంత చేస్తే ఇంత అని ముందే చెప్పి ఇచ్చేది అది. చిక్కంతా రెండోదానితోనే. మన ‘ప్రోత్సాహకం’ ఎవరినీ కాదనదు, ఏ డబ్బు వచ్చినా తనలో కలిపేసుకుంటుంది. కాబట్టి ఒప్పందంలో ఆ కింది వాక్యాలు కూడా చదవండి. లెక్క కట్టే పద్ధతి ముందే రాసి ఉంటే పర్ఫార్మెన్స్ లింక్డ్ పే అనండి. ఇవ్వడం, మానడం యాజమాన్యం ఇష్టమైతే అది ఎక్స్‌గ్రేషియా. మన పత్రికలు ఈ మాటను ప్రమాదాల్లో పోయినవారి కుటుంబాలకిచ్చే సాయానికే వాడీ వాడీ, జీతాల్లోనూ అది ఉంటుందన్న సంగతి మరిపించాయి.

బోనస్ అనే ముందు మాత్రం ఆగండి. 1965 నాటి బోనస్ చెల్లింపు చట్టం దానికి ఏడాది జీతంలో కనీసం 8.33 శాతం, గరిష్ఠం 20 శాతం అని హద్దులు గీసింది. 2019 వేతనాల కోడ్‌లోనూ అవే అంకెలు. (8.33 అంటే పన్నెండో వంతు. ‘నెల జీతం బోనస్’ అన్న వాడుక వెనకున్న లెక్క ఇదే.) మీరు అలవాటుగా బోనస్ అని రాస్తే, చదివే లాయరు చట్టబద్ధమైన బోనస్ అనుకుంటాడు. తర్వాత పేచీ వస్తే టెన్షన్ మీకే.

ఈ తేడాలు పనిచేసేవాళ్లకు బాగా తెలుసు. సింగరేణి కార్మికుణ్ణి కదిపితే దసరాకు వచ్చేది లాభాల వాటా, దీపావళికి వచ్చేది బోనస్ అని విడదీసి చెబుతాడు. ఆ దీపావళి బోనస్‌కు కాగితం మీద పేరు పర్ఫార్మెన్స్ లింక్డ్ రివార్డ్, పొట్టిగా పీఎల్ఆర్. లాభాల వాటాను మాత్రం ప్రాఫిట్ షేర్ అనే అనాలి. రైల్వేలో ఇచ్చేది ప్రొడక్టివిటీ లింక్డ్ బోనస్. ‘78 రోజుల బోనస్’ అని వార్తల్లో వచ్చేది అదే. దాన్ని తెలుగులో కొందరు ‘ఉత్పత్తి ఆధారిత’ అని రాసేస్తున్నారు. ఉత్పత్తి ఎంత తయారైందో చెబుతుంది. ఎంత మందితో, ఎన్ని గంటల్లో అన్నది ఉత్పాదకత. మీ మూలంలో ‘ఉత్పత్తి’ అని ఉంటే ఇంగ్లీషులో దాన్ని ప్రొడక్టివిటీగా దిద్దకండి, యూనియన్‌వారినే అడగండి. ఎక్కువ మందిని పెట్టి ఎక్కువ టన్నులు తీస్తే ఒక లెక్కలో డబ్బు వస్తుంది, మరో లెక్కలో రాదు.

ఇంకొకటి. పనితీరు పర్ఫార్మెన్సే గానీ పనితనం కాదు. పనితనం చేతిలోని నేర్పు, దానికి ఏ ఒప్పందంలోనూ డబ్బు కట్టగా చూడలేదు.