నైజీరియా సినిమాల స్ట్రీమింగ్ సర్వీస్ ఐరోకో టీవీ పెట్టిన జేసన్ ఎన్జోకు ఎవరు, సినిమా మనిషా టెక్ మనిషా?

రెండూ అనాలేమో. నైజీరియా మూలాలున్న కుటుంబంలో 1980లో లండన్‌లో పుట్టి, మాంచెస్టర్‌లో కెమిస్ట్రీ చదివాడు, ఆ తర్వాత మొదలెట్టిన వ్యాపారాలు ఒకదాని వెనక ఒకటి మునిగిపోయి చివరికి అమ్మ ఇంటికే చేరాడు. అక్కడే దారి దొరికింది. ఆవిడ చూసే నాలీవుడ్ (నైజీరియా) సినిమాలు నెట్‌లో సరిగ్గా దొరకట్లేదని గమనించి, కాలేజీ స్నేహితుడు బాస్టియన్ గాటర్ డబ్బు పెడితే, నైజీరియాలోని లాగోస్ వెళ్లి నిర్మాతల దగ్గర ఆన్‌లైన్ హక్కులు కొన్నాడు. పైరసీ సీడీల మార్కెట్లో హక్కులకు డబ్బిస్తాననడమే పెద్ద వింత! ముందు యూట్యూబ్ ఛానెల్, 2011లో ఐరోకో టీవీ. తర్వాత భార్య, నటి మేరీ ఎన్జోకు నడిపిన రాక్ స్టూడియోస్‌తో సొంతంగా సినిమాలు కూడా తీశారు, ఆ స్టూడియోని 2019లో ఫ్రాన్స్‌కు చెందిన టీవీ సంస్థ కెనాల్ ప్లస్ కొనేసింది.