ఎనిమిదేళ్ల పిల్లాడికి యుద్ధంలో ఇల్లు వదిలిన పిల్లల ప్రదర్శన చూపించొచ్చా? మా పాపతో మేం వెళ్లాం, చెబుతాను

మీ బాబుకి ఎనిమిదేళ్లు, స్కూల్లో రెండో ప్రపంచ యుద్ధం పాఠం నడుస్తోంది, ఇలాంటి ప్రదర్శన చూశాక రాత్రి నిద్రపోతాడా అని కదా మీ భయం. మా పాపని తొమ్మిదేళ్లప్పుడు తీసుకెళ్లాం. తను హాయిగానే పడుకుంది. నిద్ర పట్టనిది నాకే, అదీ నేను చేసుకున్నదే.

మేం వెళ్లింది ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌షైర్‌లో లాక్స్‌టన్ దగ్గరున్న నేషనల్ హోలోకాస్ట్ సెంటర్‌కి. హోలోకాస్ట్ అంటే హిట్లర్ కాలంలో నాజీలు యూదుల్ని మూకుమ్మడిగా చంపేయడం. అక్కడ 'ది జర్నీ' అనే ప్రదర్శన ప్రైమరీ స్కూలు పిల్లల కోసమే చేశారు. లియో అని బెర్లిన్‌లో ఉండే యూదు అబ్బాయి కథ. పాత్ర కల్పితమే గానీ, అప్పట్లో అక్కడి పిల్లలు నిజంగా పడ్డవే అవన్నీ. ఒక్కో గదీ దాటుకుంటూ పోవాలి: వాళ్లింటి హాలు, క్లాసు రూము, నాన్న టైలరు షాపు, ఆ తర్వాత రైలు పెట్టె. లండన్ ఇంపీరియల్ వార్ మ్యూజియంలోని హోలోకాస్ట్ గ్యాలరీలు వేరు, పద్నాలుగేళ్లలోపు పిల్లలకు వద్దని వాళ్లే అంటారు, అక్కడికి ఇప్పుడే తీసుకెళ్లకండి.

ముందు కాస్త కథ చెప్పి తీసుకెళ్లడం మంచిది. 1938 నవంబరులో జర్మనీలో యూదుల దుకాణాలు పగలగొట్టి, ప్రార్థనా మందిరాలు తగలబెట్టాక, పదిహేడేళ్లలోపు పిల్లలైతే రానిస్తామంది బ్రిటన్. పిల్లలొక్కరే రావాలి, అమ్మానాన్నలు కాదు. డిసెంబరు 2న మొదటి గుంపు హారిచ్ రేవులో దిగింది, మరుసటి సెప్టెంబరులో యుద్ధం మొదలయ్యేలోపు సుమారు 10,000 మంది వచ్చారు. మెడలో నంబరు అట్ట, తాము మోయగలిగినంత ఒక పెట్టె, పది మార్కుల జర్మన్ డబ్బు. నగానట్రా ఏమీ తేకూడదు.

ఆ రైలు పెట్టెలోనే మా పాప కదలకుండా నిలబడిపోయింది. "వాళ్లమ్మ తర్వాతి రైల్లో వచ్చిందా?" అంది. వెనక ఇంకో స్కూలు పిల్లలు ఆగి ఉన్నారు, నాకు టెన్షన్, "ఆ, వచ్చింది తల్లీ" అనేశాను.

రెండు వారాలకి స్కూల్లో టీచరు అసలు సంగతి చెప్పారు. ఇంటికొచ్చి బూట్లు కూడా విప్పకుండా "నువ్వు వచ్చిందన్నావుగా" అని నా ముందు నిలబడింది. యుద్ధం కన్నా నా అబద్ధమే ఎక్కువ బాధపెట్టింది తనని. మీ బాబు కూడా ఆ ప్రశ్న అడుగుతాడు, రాసిపెట్టుకోండి. కొందరి అమ్మానాన్నలు వచ్చారు, చాలామంది రాలేదు, వాళ్లని చంపేశారు అని ఉన్నదున్నట్టు చెప్పండి. చనిపోయారంటే ఎలా అని మళ్లీ అడుగుతారు, అందుకే నేను చివరికి 'చంపేశారు' అనే మాటే వాడాల్సి వచ్చింది.

నన్ను పట్టి కుదిపింది మాత్రం వేరే విషయం. యుద్ధం మొదలయ్యాక మామూలు ఉత్తరాలు ఆగిపోయాయి, రెడ్‌క్రాస్ ద్వారా కబురు పంపాలంటే 25 మాటలు దాటకూడదు. మరీ చిన్నప్పుడు వచ్చిన వాళ్లలో కొందరు జర్మన్ మర్చిపోయారు, ప్రాణాలతో మిగిలిన అమ్మో నాన్నో కొన్నేళ్ల తర్వాత ఎదురుపడితే మాట్లాడుకోవడానికి ఇద్దరికీ కలిసే భాష లేదు. మా పాప తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిస్తుంది, తెనాలి నుంచి మా అమ్మ ఫోన్ చేస్తే మధ్యలో నేను కూర్చుని ఇద్దరికీ చెప్పాలి. అదీ ఇదీ ఒకటని కాదు, మాకు టికెట్ కొనుక్కుంటే ఊరు వచ్చేస్తుంది. అయినా కలుక్కుమంది.

ఆ శనివారం తనే స్కూలు బ్యాగు ఖాళీ చేసి, తనైతే ఏం తీసుకెళ్తుందో సర్దింది: కుందేలు బొమ్మ, రెండు జతల బట్టలు, ఐప్యాడ్. ఐప్యాడ్ ఖరీదైనది, పనికిరాదని తీయించాను, దానికో పెద్ద గొడవ. వీడియో కాల్‌లో అమ్మ చూసి "చిన్న డబ్బాలో నెయ్యి పెట్టమను" అంది. అమ్మమ్మకి 25 మాటల్లో ఉత్తరం రాయవే, తెలుగులో, అన్నాను. "అమ్మమ్మా ఎలా ఉన్నావు, నేను బాగున్నాను, నెయ్యి పంపు" దాకా రాసి, ఇంకేం రాయాలని నన్నే అడిగింది.

వెళ్లేముందు సెంటర్‌కి ఫోన్ చేసి ఆ రోజు తెరిచి ఉంటుందో లేదో, పిల్లల ప్రదర్శన నడుస్తోందో లేదో కనుక్కోండి. పల్లెటూళ్ల మధ్య ఉంటుంది, కారుంటేనే సుఖం.