కరపత్రం రాసేముందు

అమ్మలూ,

జులై ఒకటి నుంచి మన ఊరి లయన్స్ క్లబ్‌కి నువ్వే సెక్రటరీవని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం వేసింది. నేను ఆ పని చేసిన రోజుల్లో నువ్వు శిబిరాల దగ్గర మజ్జిగ గ్లాసులు అందించేదానివి, గుర్తుందా?

మినిట్స్ రాయడం, మీటింగ్ నోటీసులు పంపడం, చందాల లెక్కలు ట్రెజరర్‌తో కలిసి చూసుకోవడం ఇవన్నీ రెండు నెలల్లో వాటంతట అవే వచ్చేస్తాయి. వాటి గురించి నేను చెప్పేదేమీ లేదు. నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. క్లబ్ తరఫున బయటికి వెళ్లే ప్రతి ప్రకటనా నీ చేతి మీదుగా వెళ్తుంది. దాన్ని క్లబ్ సభ్యుల కోసం కాదు, శిబిరానికి నడిచి వచ్చే మనిషి కోసం రాయి.

ఇది నేను తప్పు చేసి నేర్చుకున్న విషయం. ఒక ఏడాది హైస్కూల్లో కంటి పరీక్షల శిబిరం పెట్టాం. కరపత్రం నేనే రాశాను. ముఖ్య అతిథి, గౌరవ అతిథులు, దాత, మన కార్యవర్గం, అందరి పేర్లూ వరసగా వేశాను. ఎవరి పేరూ తప్పిపోకూడదని మూడుసార్లు సరిచూసుకున్నాను. సాయంత్రం ఆరింటికి గదులకు తాళాలు వేస్తుంటే వరండా చివర ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. పొద్దున ఒక్కతే బస్సులో వచ్చిందట. డాక్టర్లు కంటిపాప పెద్దది కావడానికి చుక్కలు వేశారు. ఆ చుక్కలు వేస్తే కొన్ని గంటలపాటు చూపు మసకగా ఉంటుంది, ఎండ చూడలేరు. "అంతా నీడల్లాగా కనబడతన్నాయి బాబూ, తగ్గాక పోదామని కూర్చున్నా" అంది. ఆవిడ ఊరికి వెళ్లే ఆఖరి బస్సు అప్పటికే వెళ్లిపోయింది. స్కూటర్ మీద ఎక్కించుకుని, రేపల్లె రోడ్డు దిగి కాలవ కట్ట వెంట వాళ్ల ఇంటికి తీసుకెళ్లాను. కోడలు వాకిట్లో నిలబడి ఏడుస్తోంది. "తోడు రమ్మని ఒక్క ముక్క రాసుంటే మేం ఎవరో ఒకరం వచ్చేవాళ్లం కదండీ" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఇన్నేళ్లయినా ఆ మాట నన్ను వదల్లేదు.

అందుకే కంటి శిబిరం కరపత్రంలో మొదటి నాలుగు లైన్లూ వచ్చేవాళ్లవి. ఏ రోజు, ఏ వారం, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకు, ఎక్కడ. ఆ వెంటనే, తోడుగా ఒకరిని తెచ్చుకోండి, చుక్కలు వేస్తారు కాబట్టి ఒంటరిగా రావద్దు. ఆధార్ కార్డు తెచ్చుకోండి. టిఫిన్ తినే రండి, బీపీ, షుగర్ మాత్రలు మానకండి, వాడే మాత్రలు వెంట తెచ్చుకోండి. ఈ మాత్రల మాట తప్పకుండా ఉండాలి. డాక్టర్ దగ్గరికంటే పరగడుపున వెళ్లాలనుకుని మాత్రలు కూడా మానేసి వస్తారు. తీరా పరీక్షలో షుగర్ ఎక్కువుందని శుక్లం ఆపరేషన్ వాయిదా వేస్తారు. ఇంకో సంగతి. ఆపరేషన్ శిబిరంలో చెయ్యరు, ఆసుపత్రికి తీసుకెళ్లి చేస్తారు. ఏ ఆసుపత్రి, ఏ రోజు, బస్సు మనదా కాదా, ఎన్నాళ్లు ఉండాలి, ఇవి ముందే రాస్తే ఇంట్లోవాళ్లు పనులు సర్దుకుంటారు. అతిథుల పేర్లు కింద చిన్న అక్షరాల్లో వెయ్యి. ఎవరైనా నొచ్చుకుంటే మామయ్య చెప్పాడని నా పేరు చెప్పు, నేను మాట్లాడతాను.

తేదీ పెట్టేటప్పుడు క్యాలెండర్‌తో పాటు పొలం కూడా చూడు. నాట్ల రోజుల్లో, కోతల రోజుల్లో మన వైపు కూలికి వెళ్లేవాళ్లు ఎవరూ రారు, ఒక రోజు కూలి పోగొట్టుకుని రమ్మనడం న్యాయం కూడా కాదు. ఒకటో తేదీ అసలే వద్దు, పింఛను ఇంటికి వచ్చే రోజు పెద్దవాళ్లు గడప దాటరు. కరపత్రం మీద సంవత్సరం వెయ్యడం మర్చిపోకు. వాట్సాప్‌లో ఏనాటి పోస్టరో తిరుగుతూనే ఉంటుంది, అది చూసి జనం వచ్చేస్తారు. శిబిరం వాయిదా పడితే మెసేజ్ పెట్టి ఊరుకోకు. పాత తేదీన, పాత చోట, ఒక మనిషిని పొద్దున్నించి కూర్చోబెట్టు. మెసేజ్ అందనివాళ్లే అక్కడికి వస్తారు.

ఆటో మైకు వాడికి కాగితం ఇచ్చి పంపెయ్యకు, మొదటి రెండు వీధులు నువ్వూ ఎక్కి వెళ్లు. నెమ్మదిగా నడపమను, తేదీ రెండుసార్లు చెప్పమను. ఊళ్లలో గుడి మైకు, చర్చి మైకు, మసీదు మైకు మూడూ అడుగు, మంచిపనికి ఎవరూ కాదనరు. రేషన్ షాపు డీలరు, ఆశా కార్యకర్త, బస్టాండ్ టీ కొట్టు, వీళ్లకి చెబితే పది ఫ్లెక్సీల పెట్టు.

రక్తదాన శిబిరం సంగతి వేరు. అక్కడ ఎక్కువమంది రావడమే గొప్ప అనుకుంటారు. ఒకే రోజు వందల యూనిట్లు తీసి ఫొటో దిగాలని కొత్త కార్యవర్గాలకు సరదా ఉంటుంది. కానీ ఎర్ర రక్తకణాలు నిల్వ ఉండేది 35 నుంచి 42 రోజులే, ప్లేట్‌లెట్లు 5 రోజులే. అందుకని ముందు బ్లడ్ బ్యాంకుకి ఫోన్ చేసి ఎన్ని యూనిట్లు కావాలి, ఏ గ్రూపులకు కొరత ఉందని అడుగు. ఆ తర్వాతే తేదీ ప్రకటించు. జూన్ 14న, అక్టోబర్ 1న రక్తదాన దినాలని అందరూ పెడతారు. కాలేజీలకు సెలవులిచ్చి కుర్రాళ్లంతా ఊళ్లకి వెళ్లిపోయే మే నెలలో పెట్టేవాళ్లు తక్కువ. నువ్వు మేలో పెట్టు, పొద్దున ఏడింటికే మొదలెట్టు. పెద్ద శిబిరం ఒకటి కాకుండా చిన్నవి నాలుగు పెట్టినా మంచిదే. ప్రకటనలో వయసు 18 నుంచి 65, బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 గ్రాములు, ఒకసారి రక్తం ఇచ్చాక మళ్లీ ఇవ్వడానికి మగవాళ్లకు మూడు నెలలు, ఆడవాళ్లకు నాలుగు నెలలు ఎడం ఉండాలని రాయి. హిమోగ్లోబిన్ చాలక వెనక్కి పంపిన ఆడపిల్లలను చిన్నబుచ్చకండి. పక్కన కూర్చోబెట్టి, డాక్టర్‌తో నాలుగు మాటలు మాట్లాడించి పంపండి. వాళ్లకి ఆ రోజు మీరు చేసిన మేలు అదే.

నేత్రదానం దగ్గర కాస్త ఆగి చెబుతాను, ఎందుకంటే అది నా మనసుకు దగ్గరి పని. 1925లో చూపూ వినికిడీ లేని రచయిత్రి హెలెన్ కెల్లర్ అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని సీడార్ పాయింట్‌లో లయన్స్ మహాసభలో మాట్లాడుతూ, అంధుల పక్షాన పోరాడే వీరులు కమ్మని అడిగారు. మన క్లబ్బులు కంటి పనులు ఇంతగా నెత్తికెత్తుకోవడం అక్కడ మొదలైంది. ఆగస్టు 25 నుంచి సెప్టెంబర్ 8 వరకు నేత్రదాన పక్షోత్సవాల్లో ర్యాలీ చెయ్యండి, ప్రతిజ్ఞా పత్రాలు నింపించండి, మంచిదే. కానీ పత్రం నింపిన మనిషి పోయిన రోజు ఆ కాగితం ఎక్కడుందో ఎవరికీ గుర్తుండదు. అప్పటికి కావలసింది ఒక ఫోన్ నంబరు, అర్ధరాత్రి కూడా ఎత్తే మనిషి. ఆ నంబరు ఆసుపత్రి గోడ మీద, మందుల షాపుల్లో, శ్మశానం గేటు దగ్గర కూడా ఉండాలి. కిందే రాయించు: మనిషి పోయిన ఆరు గంటల్లోపే కళ్లు తీసుకోవాలి కాబట్టి వెంటనే చెప్పండి, ఫ్యాను ఆపండి, రెప్పలు మూసి తడి దూది వెయ్యండి, తల కింద దిండు పెట్టండి. కళ్లజోడు ఉన్నా, షుగర్ ఉన్నా, శుక్లం ఆపరేషన్ అయినా ఇవ్వవచ్చని కూడా రాయి. చాలామంది పనికిరావనుకుని అడగనే అడగరు. ఫోన్ వచ్చినప్పుడు ఆ వీధి మనిషినే పంపు. వెళ్లినవాళ్లు ముందు ఏడ్చేవాళ్ల పక్కన కాసేపు కూర్చోవాలి. ఫొటో మాట ఆ రోజు ఎత్తవద్దు.

పేపర్ వాళ్లకు వార్త పంపేటప్పుడు ఎంతమందిని చూశారు, ఎంతమందికి ఆపరేషన్ అయింది, మళ్లీ చెకప్ ఎప్పుడు అన్నది పంపు. కంటికి కట్లతో ఉన్నవాళ్లను వరసగా నిలబెట్టి ఫొటో తియ్యనివ్వకు.

మొదటి కరపత్రం ప్రెస్సుకి ఇచ్చేముందు మీ వీధి చివర ఇడ్లీలు అమ్మే పెద్దావిడకి చదివి వినిపించు. ఎప్పుడు రావాలి, ఏం తెచ్చుకోవాలి అని ఆవిడ తిరిగి చెప్పగలిగితే అచ్చు వేయించు. తర్వాత నాకూ ఒకటి పంపు. నా కళ్లకు ఈమధ్య చిన్న అక్షరాలు ఆనడం లేదు, కాబట్టి తేదీ మాత్రం పెద్దగా వేయించు.

ఆశీస్సులతో,
మామయ్య