ఫాస్ట్‌బ్యాక్ మస్టాంగ్ ‘అరవై నాలుగున్నర’ కాదండీ

డాలస్‌లో మీరు చూసిన ఫాస్ట్‌బ్యాక్ (కప్పు వెనక్కి ఏటవాలుగా దిగే) ఫోర్డ్ మస్టాంగ్ కారుని అమ్మేవాడు ‘1964½’, అంటే మొట్టమొదటి బండ్లలో ఒకటి అని చెప్పి ఎక్కువ ధర అడుగుతున్నాడని రాశారు. అడ్వాన్స్ మాత్రం ఇచ్చేయకండి. 1964 ఏప్రిల్ 17న మస్టాంగ్ విడుదలైనప్పుడు హార్డ్‌టాప్ (మామూలు గట్టి కప్పుది), కన్వర్టిబుల్ (కప్పు మడిచేది) మాత్రమే ఉన్నాయి. ఫాస్ట్‌బ్యాక్ వచ్చింది ఆ సెప్టెంబర్‌లో. కాబట్టి మీరు చూసింది ఎటు తిప్పినా 1965 మోడలే. అసలు ‘నాలుగున్నర’ అన్నది అభిమానుల మాట, ఫోర్డ్ మొదటి బండ్లకి కూడా 1965 నంబర్లే ఇచ్చింది.

బానెట్ ఎత్తించి, ఇంజిన్‌కి ఎడమవైపు ఇన్నర్ ఫెండర్ (చక్రం పైనుండే లోపలి రేకు) మీద కొట్టిన బండి గుర్తింపు నంబరు చూడండి. మొదట 5, తర్వాత ఫ్యాక్టరీ అక్షరం, ఆపైన 09 ఉంటే ఫాస్ట్‌బ్యాక్. 07 కనిపిస్తే అది హార్డ్‌టాప్ నంబరు, ఇంకేం మాట్లాడకుండా వచ్చేయండి. ఆ తర్వాతి అక్షరం ఇంజిన్‌ది. ‘సి’ అయితే 200 హార్స్‌పవర్, ‘ఎ’ అయితే 225. ‘కె’ అయితే 271, అప్పుడు ఆ ధర గురించి ఆలోచించొచ్చు, నకిలీ ‘కె’లు కూడా తిరుగుతుంటాయనుకోండి.

1965 అని తేలినా నిరాశపడకండి. ఆ ఏడాది కాలిఫోర్నియాలోని పొమోనాలో జరిగిన డ్రాగ్ రేసుల్లో (తిన్నటి దారిలో సాగే కొద్ది దూరపు పందేల్లో) రేసర్ బిల్ లాటన్ గెలిచింది ఫాస్ట్‌బ్యాక్ మస్టాంగ్‌తోనే. నంబరు ఫొటో పెట్టండి, చూసి చెప్తాను.